కీబోర్డుకి టైపు మిషన్ చప్పుడు: అన్నీ బాగున్నాయి, బెల్లు ఒక్కటే లేటు

మొన్న ఎండాకాలంలో కాశీనగర్ వైపు నుంచి ఒక ముసలాయన దరఖాస్తు రాయించుకోడానికి మా షాపుకొచ్చాడు. స్టూలు మీద కూర్చున్నాడు, నేను కొడుతున్నా, ఆయన సంచీ ఒళ్ళో పెట్టుకుని నా మొహమే చూస్తున్నాడు, ఓ పది నిమిషాలయ్యాక మెల్లగా అడిగాడు, "బాబూ, ఎప్పుడు మొదలెడతావేటి?" అని. అప్పటికి పేజీ అయిపోవచ్చింది! స్క్రీను నా వైపుంది, కీబోర్డు కౌంటరు కిందుంది, ఆ కొత్త కీబోర్డుకి చప్పుడే రాదు, ఆయన లెక్కలో నేను ఊరికే కూర్చుని టీవీ చూస్తున్నాను. డబ్బులిచ్చినప్పుడు కూడా అదోలా చూస్తూనే ఇచ్చాడు.

మాది పర్లాకిమిడి. కోర్టు దారిలో చిన్న షాపు, జిరాక్సు, ఆన్‌లైన్ అప్లికేషన్లు, అఫిడవిట్లు, ఒడియా తెలుగు ఇంగ్లీషు మూడిట్లో టైపింగు. నాకు ముందు నాన్న అదే దారిలో ఒక చెట్టు కింద బల్ల వేసుకుని గోద్రెజ్ ప్రైమా మిషన్ మీద కొట్టేవారు. అక్కడ ఎవరూ "ఎప్పుడు మొదలెడతావు" అని అడగలేదు, ఎందుకంటే టక టక టక టక టింగ్, జర్ర్, మళ్ళీ టక టక. ఆ చప్పుడే రసీదు. పది మంది లైన్లో ఉన్నా ఎవడి కాగితం నడుస్తోందో, ఎవడిది ఆగిందో చెవికే తెలిసిపోయేది. నాన్న ఇప్పుడు షాపు వెనకాల గదిలోనే ఉంటారు, మోకాళ్ళ నొప్పులు, చెవులు మాత్రం పాము చెవులు.

అందుకని కంప్యూటర్ కీబోర్డు కొడితే టైపు మిషన్ చప్పుడు వచ్చేలా చేసే సాఫ్ట్‌వేర్లు వెతికాను. నాలుగు నెలలుగా వాడుతున్నా, అందుకే ఈ రివ్యూ. గ్రాంథికం రాదు నాకు, రాయను కూడా, గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసిన ఊరు మాది, ఇక్కడ పుట్టి వాడుక భాషలో రాయకపోతే ఆయనకి కోపం వస్తుంది. (1936లో మా ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు, మేం ఉండిపోయాం.)

మొదట దొరికిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ పేరు చెప్పను, చప్పుడైతే బానే వచ్చింది గానీ దాంతో పాటు పిలవని చుట్టాలు రెండు వచ్చి కూర్చున్నాయి, బ్రౌజరు తెరిస్తే ఏదో తెలీని పేజీ, కింద మూల ఏదో యాంటీవైరస్ కొనమని గోల. మా అప్ప కొడుకు బీటెక్ చదువుతున్నాడు, వాడికి ఫోన్ చేస్తే ముందు తిట్టాడు. "మావయ్యా, ఇలాంటి సాఫ్ట్‌వేరు నువ్వు ఏ విండోలో ఏ కీ నొక్కినా వినాలి, లేకపోతే చప్పుడు ఎలా చేస్తుంది? పాస్‌వర్డులు దొంగిలించే కీలాగరు కూడా అచ్చం అలాగే వింటుంది. కస్టమర్ల ఆధార్ నంబర్లు కొట్టే కంప్యూటర్లో దారిన పోయేది ఎక్కించావా?" అన్నాడు. నిజమే కదా. అది తీసేసి, విండోస్ మళ్ళీ వేయించి, ఒక పూట బేరం పోయింది. అందుకే ఈ విషయంలో నా మొదటి మాట ఒక్కటే, సోర్స్ కోడ్ బయట పెట్టినవే వాడండి, చూసేవాళ్ళు చూస్తారు, మనం చదవలేకపోయినా సరే.

వాడు చెప్పినవి మూడు. ఫోకస్‌రైటర్, బకిల్‌స్ప్రింగ్, మెక్‌వైబ్స్. మూడూ ఫ్రీయే, మూడూ ఓపెన్ సోర్సే.

ఫోకస్‌రైటర్ అంటే అసలు రాసుకునే ఎడిటరు, స్క్రీనంతా ఖాళీ చేసి కాగితం ఒక్కటే చూపిస్తుంది, సెట్టింగుల్లో టైప్‌రైటర్ సౌండ్స్ అని ఒక టిక్కు ఉంటుంది, పెడితే కీ కొట్టినప్పుడు ఒక చప్పుడు, ఎంటర్ కొడితే వేరే చప్పుడు. దీని సుఖం ఏంటంటే దాని విండోలో కొట్టినప్పుడే మోగుతుంది, బయట బ్యాంకు పేజీలో నోరు మూసుకుంటుంది. కథలు రాసుకునేవాళ్ళకి, డైరీ రాసేవాళ్ళకి ఇది చాలు, ఇంకేం అక్కర్లేదు. నాకు పనికిరాదు, నా పని సగం వర్డులో, సగం గవర్నమెంటు వెబ్‌సైట్లలో.

బకిల్‌స్ప్రింగ్ లినక్సులో చూశా, మేనల్లుడి ల్యాప్‌టాపులో, వాడిది ఉబుంటు, విండోస్ బదులు వాడే లినక్సులో ఒక రకం. ఒక్క లైను కమాండుతో ఎక్కేస్తుంది. ఇది నిజానికి టైపు మిషన్ చప్పుడు కాదండీ, చాలామంది పొరబడతారు, 1985 నాటి ఐబీఎం మోడల్ ఎం కీబోర్డు చప్పుడు, కీ కింద స్ప్రింగు వంగి టక్కుమనే రకం. కానీ చేసిన పనితనం ముచ్చటేస్తుంది, ప్రతి కీకి నొక్కినప్పుడు ఒక రికార్డింగు, వదిలినప్పుడు ఇంకో రికార్డింగు, పైగా ఎడమ వైపు కీలు ఎడమ చెవిలో, కుడి వైపువి కుడి చెవిలో వినపడతాయి. ఇయర్‌ఫోన్ పెట్టుకుని కొడితే కీబోర్డు తలలోకి వచ్చి కూర్చున్నట్టుంటుంది. స్క్రోల్ లాక్ రెండుసార్లు నొక్కితే మ్యూట్. కొత్త ఉబుంటుల్లో స్క్రీను మీద విండోలు చూపించే పని వేలాండ్ అనేది చూసుకుంటుంది, అందులో ఒక ప్రోగ్రాము ఇంకో దాని కీలు వినకూడదని కట్టడి, అందుకని మావాడు లాగిన్ దగ్గర దాని బదులు పాతదైన జార్గ్ ఎంచుకున్నాక గానీ మోగలేదు. నాన్నకి వినిపిస్తే రెండు నిమిషాలు విని "ఇది మిషన్ కాదురా, టెలిఫోన్ ఎక్స్ఛేంజి" అన్నారు. అక్కడితో దాని కథ అయిపోయింది మా ఇంట్లో.

ఐఫోను ఐప్యాడు వాళ్ళకి హ్యాంక్స్ రైటర్ అని ఉంది, హాలీవుడ్ హీరో టామ్ హ్యాంక్స్ పేరు మీద 2014లో వచ్చింది, ఆయనకి టైపు మిషన్ల పిచ్చి. బరంపురంలో మా బావ ఐప్యాడులో చూశా, బొమ్మ అందంగా ఉంది, నా షాపుకి సంబంధం లేదు.

చివరికి నిలబడింది మెక్‌వైబ్స్. విండోస్, మ్యాక్, లినక్సు మూడిట్లోనూ నడుస్తుంది. ఎక్కించాక గడియారం పక్కన చిన్న బొమ్మలా కూర్చుంటుంది, తెరిస్తే చప్పుళ్ళ ప్యాకుల లిస్టు, వాల్యూమ్, అంతే. వర్డు, క్రోము, ఎక్కడ కొట్టినా మోగుతుంది. లోపల ఉన్నది బ్రౌజరు లాంటి ఇంజనే, ఎలక్ట్రాన్ అంటారు, కాబట్టి చేసే పనికి మెమరీ కాస్త ఎక్కువే తింటుంది, నాది 4 జీబీ ర్యామున్న పాత డబ్బా, అయినా నెట్టుకొస్తోంది. ప్యాకుల్లో ఎక్కువ మెకానికల్ కీబోర్డులవే, చెర్రీ కంపెనీ కీల రకాలు, బ్లూ అని బ్రౌన్ అని, కుర్రాళ్ళకి నచ్చేవి. కానీ అసలు విశేషం అది కాదు, మన చప్పుడు మనం చేసుకోవచ్చు. ఒక ఆడియో ఫైలు ఇచ్చి, అందులో ఫలానా మిల్లీసెకను దగ్గర మొదలై ఇంతసేపు ఉన్న ముక్క ఫలానా కీది అని చెబితే చాలు. లేదా కీకొక ఫైలు విడివిడిగా ఇవ్వొచ్చు.

స్పీకర్ల గురించి ఒక మాట. బ్లూటూత్ స్పీకరు పెట్టొద్దు. నేను పెట్టా. కీ కొట్టిన తర్వాత చప్పుడు వెనకాల నడిచొస్తుంది, సెకనులో చిన్న ముక్కే ఆలస్యం, కానీ వేళ్ళకి అది తెలిసిపోతుంది, నాకు "తెలుగు" అని కొట్టడానికి కూడా తడబాటు వచ్చింది, ఎవరో వెనక నుంచి వెక్కిరిస్తున్నట్టుంటుంది. వైరున్న చిన్న స్పీకర్లు తెచ్చి, డబుల్ సైడ్ టేపుతో కౌంటరు చెక్క కింద అంటించా. దాంతో చప్పుడుతో పాటు చెక్క కూడా సన్నగా అదురుతుంది, మణికట్టుకి తగులుతుంది. ఇది ఎవరూ చెప్పలేదు, నేనే కనిపెట్టా, గొప్పకి చెప్పట్లేదు గానీ సాఫ్ట్‌వేరు కన్నా ఈ టేపే ఎక్కువ పనిచేసింది.

ఇంక నాన్న మిషన్ రికార్డు చేసిన సంగతి. గోద్రెజ్ వాళ్ళు మన దేశంలో టైపు మిషన్ తయారీ 1955లో మొదలెట్టారు, 2009లో ఆపేశారు. నాన్నది సెకండ్ హ్యాండుది, పాతపట్నంలో టైపు ఇన్‌స్టిట్యూట్ మూసేస్తుంటే కొన్నది, ఆయన టైపు పరీక్షలు లోయరు, హయ్యరు పాసైంది కూడా ఆ ఇన్‌స్టిట్యూట్లోనే. అటక మీద నుంచి దించి, దుమ్ము దులిపి, కుట్టుమిషన్ ఆయిలు రెండు చుక్కలు వేస్తే కదిలింది. రాత్రి పదకొండు దాటాక, ఫ్యాన్ ఆపి, ఉక్కలో చెమటలు కక్కుతూ, ఫోను పక్కన పెట్టి ఒక్కో అక్షరం నొక్కాను. గుణుపురం రైలు కూత ఒకసారి, ఎవరి పెళ్ళిదో బ్యాండు ఒకసారి, కుక్కలు మూడుసార్లు అడ్డం వచ్చాయి. తర్వాత ఆడాసిటీ అనే ఆడియో ఎడిటరులో ముక్కలు కోసి, మెక్‌వైబ్సులో పెట్టి, పొద్దున్న షాపు తెరిచి, గర్వంగా ఒక అఫిడవిట్ కొట్టా.

లోపల నుంచి నాన్న, "ఒరే, కాగితం పెట్టకుండా కొడుతున్నావేట్రా, రోలరు పాడైపోద్ది!"

నాకు ఒక నిమిషం అర్థం కాలేదు. తర్వాత వెలిగింది. రికార్డు చేసేటప్పుడు నేను కాగితం పెట్టలేదు, ఎందుకు దండగ అని. అచ్చు వెళ్ళి ఉత్త రబ్బరు రోలరుకి తగిలితే చప్పుడు గట్టిగా, పొడిగా వస్తుంది, కాగితం ఉంటే మెత్తబడుతుంది, మూడు కాగితాలు మధ్యలో రెండు కార్బన్లు పెడితే ఇంకా లోతుగా, దుప్పటి మీద దెబ్బలా ఉంటుంది. కోర్టు కాగితం ఎప్పుడూ మూడు కాపీలే. కాబట్టి మళ్ళీ రెండో రాత్రి, ఈసారి కార్బన్లు వెతికి తెచ్చి (స్టేషనరీ షాపువాడు అడుగునుంచి తీశాడు, నీలంది), నాన్ననే కూర్చోబెట్టి కొట్టించాను. ఆయన కొడితే తేడా ఏంటో చూడండి, చిటికెన వేలితో కొట్టే ఇంగ్లీషు 'ఏ' నీరసంగా, చూపుడు వేలితో కొట్టే ఎఫ్, జే గట్టిగా. ఇన్‌స్టిట్యూట్లో మొదటి పాఠం ఏ ఎస్ డీ ఎఫ్ జీ ఎఫ్, సెమీకోలన్ ఎల్ కే జే హెచ్ జే, నెల రోజులు అదే కొట్టించేది ఈ చిటికెన వేలికి బలం రావాలనేనట, అయినా రాదు, అది వేరే సంగతి. నేను మొదటి రాత్రి అన్నీ ఒకే వేలితో పొడిచాను కాబట్టి అన్నీ ఒకే బరువు. "కోడి గింజలు ఏరుకున్నట్టుంది" అని నాన్న తీర్పు.

రెండో ప్యాకు అదిరింది. నిజంగా. కస్టమర్లు తల తిప్పి చూస్తున్నారు, మిషన్ ఎక్కడుందా అని కౌంటరు కిందకి వంగి చూసిన ఒడియా మేష్టారు ఒకరున్నారు. దరఖాస్తు రాయించుకునేవాళ్ళు చప్పుడు ఆగితే "హేలా కి?" అని అడుగుతున్నారు, అయిందా అని, అంటే చప్పుడుని నమ్ముతున్నారన్నమాట. నాకూ లాభమే, మెత్తటి కీబోర్డు మీద కీ పడిందో లేదో అనుమానంతో స్క్రీను వైపు చూసే అలవాటు తగ్గింది, కాగితం చూసి కొట్టగలుగుతున్నా. తప్పులు తగ్గాయా అంటే చెప్పలేను. బ్యాక్‌స్పేసులు మాత్రం నాన్నకి వినపడుతున్నాయి. "ఏడు సార్లు వెనక్కెళ్ళావు" అంటారు లోపల నుంచి. ఆయన కాలంలో బ్యాక్‌స్పేసు అంటే బండి (కాగితం పట్టుకుని జరిగే పై భాగం) ఒక అడుగు వెనక్కి జరగడమే, చెరగడం ఉండదు, తప్పు తప్పుగానే కాగితం మీద కూర్చునేది.

జాగ్రత్త ఒకటి. పాస్‌వర్డులు, ఓటీపీలు కొట్టేటప్పుడు మ్యూట్ చెయ్యండి. కీబోర్డు చప్పుడు విని ఏ కీ నొక్కారో పసిగట్టొచ్చని 2004లోనే ఐబీఎం పరిశోధకులు చూపించారు, అది మామూలు కీబోర్డులకే, కీలన్నీ దాదాపు ఒకేలా వినపడేవాటికే. మనం ఇక్కడ ప్రతి కీకి వేరే చప్పుడు పెట్టి, స్పీకర్లో గట్టిగా చదివి వినిపిస్తున్నాం. కౌంటరు ముందు ఎవడైనా ఫోనులో రికార్డు చేసుకుపోతే అంతే సంగతులు.

మెక్‌వైబ్సుకి ఐదుకి నాలుగు మార్కులు ఇస్తా. ఆ ఒక్క మార్కు బెల్లు దగ్గర పోయింది, అది ఏ సాఫ్ట్‌వేరు తప్పూ కాదు, కానీ నాన్న ఒప్పుకోరు.

టైపు మిషన్లో బెల్లు లైను అయిపోయాక మోగేది కాదు. కుడి మార్జిన్ ఇంకో ఆరేడు అక్షరాల దూరంలో ఉందనగా మోగుతుంది, ముందే. అప్పుడు టైపిస్టు ఆలోచించుకోవాలి, ఈ మాట పడుతుందా, విరగ్గొట్టి గీత పెట్టాలా, ఇక్కడే ఆపి కిందికి వెళ్ళాలా అని. అది హెచ్చరిక. సాఫ్ట్‌వేర్లలో బెల్లుని ఎంటర్ కీకి కడతాం, వేరే దారి లేదు. వర్డులో లైను దానంతటదే కిందకి దిగిపోతుంది, ఎంటర్ కొట్టేది పేరా చివరే, అంటే బెల్లు పేరాకి ఒకసారి, అదీ అంతా అయిపోయాక.

పోనీ అరవై దెబ్బలు లెక్కపెట్టి మోగించమని మేనల్లుడితో చిన్న ప్రోగ్రాము రాయిద్దామనుకున్నా. ఇంగ్లీషుకి సరిపోయింది సుమారుగా. తెలుగుకి చూస్తే మొత్తం అడ్డం తిరిగింది. ఇన్‌స్క్రిప్టు అనే కీబోర్డు లేఅవుట్లో "రాష్ట్రం" కొట్టాలంటే ర, దీర్ఘం, ష, పొల్లు, ట, పొల్లు, ర, సున్నా, ఎనిమిది దెబ్బలు, షిఫ్టు వేరే, స్క్రీను మీద వచ్చేది రెండో మూడో అక్షరాల వెడల్పు. ఒడియాకీ అదే గోల, లేఅవుట్ కూడా అదే, క ఉన్న చోటే అక్కడా క. ప్రోగ్రాముకి దెబ్బలే తెలుసు, కాగితం ఎంత నిండిందో తెలీదు, లైను సగంలోనే టింగుమని మోగుతోంది. నాన్నకి చెబితే నవ్వారు. తెలుగు టైపు మిషన్లో కొన్ని కీలు కొడితే అచ్చు పడుతుంది గానీ బండి కదలదట, డెడ్ కీ అంటారు, ఒత్తులకీ గుర్తులకీ అలాంటివి ఉండేవట. బండి జరిగితేనే బెల్లు దగ్గరవుతుంది కాబట్టి ఒత్తులు ఎన్ని కొట్టినా లెక్క తప్పేది కాదు. పళ్ళచక్రం, స్ప్రింగు, ఒక చిన్న గంట, వీటికి తెలుగు వచ్చు, నా 4 జీబీ డబ్బాకి రాలేదు.

ప్రోగ్రాము తీసేశాం. బెల్లు మళ్ళీ ఎంటర్ మీదే ఉంది. పొద్దున్న నుంచి సాయంత్రం దాకా పేరా అయ్యాక టింగుమంటుంది, వెనకాల గదిలోంచి నాన్న "లేటు" అంటారు.